రెండో భాగం మొదలుపెట్టే ముందు

అమ్ములూ,

నీ నవల మొదటి భాగం రెండు రాత్రుల్లో చదివేశాను. లైటు ఆర్పమని మీ అత్త విసుక్కుంటున్నా ఆపలేదంటే బాగుందనే కదా. రెండో భాగం మొదలుపెట్టే ముందు ఏమైనా చెప్పు మామయ్యా అన్నావు కాబట్టి చెబుతున్నాను. నేను కథలు రాసినవాణ్ణి కాను. ఈ బెంగళూరులో ఇరవై రెండేళ్లు ఒక కాలేజీ సర్వర్లు చూసుకున్నవాణ్ణి. నీ హ్యాకర్ హీరోలాంటి కుర్రాడొకడు నా సర్వర్లోకే వచ్చాడు. ఈ సంగతి మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

ముందు నీ చివరి అధ్యాయం. సాయంత్రం ఆరింటికి ఔటర్ రింగ్ రోడ్డు మీద బైకు, వెనకాల పోలీసు జీపు. ఆ వేళప్పుడు మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా దొంగా పోలీసూ ఒకే సిగ్నల్ దగ్గర పక్కపక్కన నిలబడాల్సిందే తల్లీ. సరే, దాన్ని టైము మార్చి సర్దుకోవచ్చు. ఆ తర్వాతి సీనుతోనే నాకు పేచీ. కమిషనర్ వాడి భుజం తట్టి నీలాంటివాడు మాకు కావాలి అంటాడు. పదిహేడేళ్ల పిల్లవాడికి ఉద్యోగం! అక్కడితో వాడు చేసినదంతా మాఫీ అయిపోయింది. ఇంక రెండో భాగంలో రాయడానికి నీకేం మిగిలింది?

అలాంటివి జరగవని కాదు. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాం ఇంటర్నెట్‌ని అల్లకల్లోలం చేసింది. రాసిన ముగ్గురూ అమెరికా కుర్రాళ్లు, ఇరవై అటూ ఇటూ వయసు. తర్వాత వాళ్లు ఎఫ్‌బీఐకి పనిచేసిపెట్టిన మాట నిజమే. కానీ కోర్టులో తప్పు ఒప్పుకోక తప్పలేదు. 2018లో అయిదేళ్ల ప్రొబేషన్ (జైలు బదులు నిఘాలో ఉండటం), 2,500 గంటల సమాజ సేవ వేశారు. 2,500 గంటలంటే ఆదివారాలు తీసేసి రోజుకు నాలుగు గంటల చొప్పున లెక్కేసుకో, దాదాపు రెండేళ్లు పడుతుంది. భుజం తట్టడం కంటే ఆ రెండేళ్లలోనే కథ ఎక్కువ ఉంది.

ఇప్పుడు నా కుర్రాడి సంగతి. 2018లోనే. మా ప్రాంగణంలో పీయూసీ, అంటే మన ఇంటర్, కూడా ఉండేది. పరీక్షకు కూర్చోవాలంటే 75 శాతం హాజరు తప్పనిసరి. రెండో ఏడు చదివే పిల్లవాడు హాజరు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి తనకూ ముగ్గురు స్నేహితులకూ శాతం పెంచాడు. ఇంకో నాలుగోవాడికి పెంచినందుకు మాత్రం 500 రూపాయలు తీసుకున్నాడు, అదీ యూపీఐలో. ఆ ఖాతా వాళ్ల నాన్నది.

నీ నవల్లో పోలీసులు నేరుగా కుర్రాడి గది తలుపు కొడతారు. అలా ఉండదు. మేము ఫిర్యాదు చేసింది గుర్తు తెలియని వ్యక్తుల మీద. మా లాగ్‌లో, అంటే ఎవరెప్పుడు లోపలికి వచ్చారో సర్వర్ రాసుకునే చిట్టాలో, దొరికింది ఒక ఐపీ అడ్రస్, ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరు. దాన్ని పట్టుకుని ఇంటర్నెట్ కంపెనీని అడిగితే ఆ వేళకు ఆ కనెక్షన్ ఎవరి పేరున ఉందో చెబుతారు. పిల్లల పేరున కనెక్షన్ ఎవరిస్తారు? అనంతపురం నుంచి వచ్చి కె.ఆర్.పురంలో సెంట్రింగ్ పని చేయించే మేస్త్రి పేరు వచ్చింది. స్లాబు పోస్తుండగా ఆయనకు ఫోన్ వెళ్లింది.

లాగ్‌ల మీద సర్టిఫికెట్ ఇవ్వడానికి నన్నూ ఆ రోజే పిలిచారు. అప్పట్లో ఎవిడెన్స్ యాక్టు 65బీ కింద ఇచ్చేవాళ్లం. 2024 జులై నుంచి కొత్త సాక్ష్య చట్టంలో అది 63వ సెక్షన్ అయింది, నీ కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో చూసుకుని రాయి. ఇన్‌స్పెక్టర్ కన్నడంలో అడుగుతున్నాడు. మేస్త్రి సగం కన్నడం, సగం తెలుగులో చెబుతున్నాడు. గోళ్లలో సిమెంటు ఇంకా ఉంది. ‘కంప్యూటరు నేను ముట్టను కూడా ముట్టను సార్, కూలీల లెక్క కూడా పుస్తకంలోనే రాస్తా’ అని రెండుసార్లు అన్నాడు. ఇంట్లో ఇంకెవరు వాడతారు అని అడిగారు. కూతురు అన్నాడు, ఆగాడు, కొడుకు అన్నాడు. అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి, కూర్చోవడానికి కుర్చీ కోసం చూసుకున్నాడు. నీ మొదటి భాగంలో తండ్రికి మొత్తం కలిపి నాలుగు డైలాగులున్నాయి. అవి చాలవు.

ఇంకోటి. సీల్ చేసి తీసుకెళ్లిన లాప్‌టాప్ వాడిది కాదు, అక్కది. బీఈ చివరి ఏడు ప్రాజెక్టు అందులోనే ఉంది. ఆ అమ్మాయి వారం తర్వాత నా గదికి వచ్చి, ‘సార్, ఒక్క ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో వేసివ్వమని చెప్పరా’ అంది. అది నా చేతిలో లేదన్నాను. స్వాధీనం చేసుకున్నప్పుడు డిస్కు మొత్తానికి హాష్ అని ఒక సంఖ్య తీస్తారు, డిస్కుకు వేలిముద్ర అనుకో. తర్వాత అందులో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది, సాక్ష్యానికి విలువ పోతుంది. అందుకే ఎవరూ దాన్ని తెరవరు. ఆ పిల్ల అంతా విని, ‘అయితే మళ్లీ మొదటినుంచి రాసుకోవాలన్నమాట’ అని వెళ్లిపోయింది. ఏడవలేదు. తమ్ముడితో ఎన్నాళ్లు మాట్లాడలేదో నాకు తెలియదు, నువ్వు ఊహించు.

ఇక హ్యాకింగ్ ఎలా చూపించాలన్నది. నల్ల తెర మీద పచ్చటి అక్షరాలు వద్దు. మా వాడు కోడ్ ఒక్క ముక్క రాయలేదు. హాజరు సెక్షన్లో గుమాస్తా బల్ల అద్దం కింద చీటీ మీద పాస్‌వర్డ్ ఉంది. సెలవు చీటీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు చదివేశాడు, అంతే. 2020లో ట్విట్టర్‌లో పెద్దపెద్దవాళ్ల ఖాతాలు లాక్కున్న కేసులో ప్రధాన నిందితుడు ఫ్లోరిడాలో పదిహేడేళ్లవాడు. అక్కడా ఉద్యోగులకు ఫోన్లు చేసి, మాటలతో నమ్మించే లోపలికి వెళ్లారు. వాడికి మూడేళ్లు పడింది. నీ హీరోని మేధావిని చేయకు. గమనించే కళ్లు ఉన్నవాణ్ణి చేయి, అబద్ధం తడుముకోకుండా చెప్పగలిగేవాణ్ణి చేయి. అప్పుడు చదివే పిల్లలకు వాడు తమ పక్క బెంచీవాడిలా ఉంటాడు. పనిలో పనిగా, పద్ధతులు మరీ పూసగుచ్చినట్టు రాయకు, నీ పుస్తకం చదివి ఎవడో నా తర్వాత వచ్చినవాడి సర్వర్ మీద పడతాడు.

ఆ 500 రూపాయల దగ్గర ఆగాలి. ఐటీ చట్టం 2000లో 43వ సెక్షన్ ఉంది: అనుమతి లేకుండా కంప్యూటర్లోకి వెళ్లినా, అందులోది చెరిపినా మార్చినా నష్టపరిహారం కట్టాలి. అదే పని మోసపు బుద్ధితో చేస్తే 66వ సెక్షన్, అది నేరం: మూడేళ్ల దాకా జైలు, లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కొట్టిన మీటలు రెండింటికీ ఒకటే, తేడా అంతా మనసులో ఉన్నదాన్ని బట్టి. స్నేహితుల కోసం చేశాను సార్ అని వాడు చెప్పుకున్న మాట, ఆ 500తో నిలవకుండా పోయింది. నీ హీరో మొదటిసారి డబ్బు తీసుకునే చోటును నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. ఎంత తీసుకున్నాడు, అడిగి తీసుకున్నాడా, ఇస్తే వద్దనలేకపోయాడా, బిర్యానీ తిన్నాడా, దాచుకున్నాడా? ఒక అధ్యాయం దానికే ఇవ్వొచ్చు.

పద్దెనిమిది నిండలేదు కాబట్టి తర్వాతి దారి వేరే. నువ్వు రాసిన లాకప్ సీను, సంకెళ్లు తీసెయ్. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోగా బోర్డు ముందుంచాలి. వాళ్లతో మాట్లాడే పోలీసులు మామూలు బట్టల్లో ఉండాలి. బోర్డంటే ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వాళ్లలో ఒకరైనా మహిళ. సినిమా కోర్టులా బోను ఉండదు, ఎత్తు వేదిక ఉండదు. నేను సాక్ష్యం చెప్పడానికి వెళ్లినప్పుడు, ఇది ఆఫీసు గదేమో అనుకుని బయటే నిలబడ్డాను. గరిష్ఠ శిక్ష మూడేళ్లు దాటని నేరాన్ని ఆ చట్టం చిన్న నేరం అంటుంది. వాడికి కౌన్సెలింగ్, కొన్ని వారాలు గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే పని వేశారని తర్వాత విన్నాను. నవల్లో నీ హీరో ముఖం టీవీలో చూపించావు చూడు, అదీ కుదరదు. 74వ సెక్షన్ కింద పేరు, ఫొటో, బడి ఏదీ బయటపెట్టకూడదు, పెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అయితే ఏం, మా కుర్రాడి సంగతి క్లాసు వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రానికే తెలిసిపోయింది. కాలేజీ గొడవ లేకుండా టీసీ ఇచ్చి పంపింది. ప్రవర్తన అన్న గడిలో ‘తృప్తికరం’ అని రాశారు.

బోర్డు సీను రాస్తే మేజిస్ట్రేటుచేత మాత్రం ఉపన్యాసం ఇప్పించకు. పదహారేళ్ల పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. ఆ రోజు ఆవిడ వాణ్ణి అడిగిన మొదటి ప్రశ్న, పొద్దున్న ఏమైనా తిన్నావా అని.

ఇంత రాశాను కానీ, అసలు చెప్పాల్సింది చివరికి నెట్టేశాను. ఆ చీటీ పెట్టుకున్న గుమాస్తా. రిటైర్మెంటుకు రెండేళ్లుంది ఆయనకు. యాజమాన్యం నన్ను రిపోర్టు అడిగింది. గుమాస్తా నిర్లక్ష్యం వల్ల పాస్‌వర్డ్ బయటపడిందని రాశాను. అందులో అబద్ధం లేదు. కానీ ఆ సెక్షన్లో నలుగురికీ కలిపి ఒకే లాగిన్ ఇచ్చింది నేను. ఆ పాస్‌వర్డ్ మూడేళ్లుగా మార్చనిదీ నేనే. విడివిడిగా ఇవ్వమని ఆయన ఒకసారి అడిగాడు కూడా, సెమిస్టర్ అయ్యాక చూద్దాం అన్నాను. ఆ ముక్క రిపోర్టులో లేదు. ఆయనకు మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది. క్యాంటీన్లో నా బల్ల దగ్గర కూర్చోవడం మానేశాడు.

నీ నవల్లో విలన్ ఒక పెద్ద కంపెనీ అధిపతి, కాన్కార్డ్ గడియారాలూ అవీనూ. అతన్ని తీసెయ్యమనను, అమ్ముడుపోవాలి కదా. కానీ రెండో భాగంలో ఎక్కడో ఒక మూల నాలాంటివాణ్ణి పెట్టు. నీ హీరో చేసిన తప్పు చాటున తన తప్పు దాచుకున్న మర్యాదస్తుణ్ణి. వాణ్ణి హీరో హ్యాక్ చేసి బయటపెట్టనక్కర్లేదు. వాడంతట వాడు నోరు తెరుస్తాడా లేదా అని చూడనీ.

ఆ కుర్రాడు పోయినేడు మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు ఏదో చిన్న కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. నాకు క్షమాపణ చెబుతాడేమో అనుకున్నాను. వాడు అడిగింది గుమాస్తా గారి అడ్రసు. యలహంకలో ఉంటాడని చెప్పి ఇల్లు గుర్తులు రాసిచ్చాను. మీరూ వస్తారా సార్ అన్నాడు. మోకాలు నొప్పి అన్నాను.

నువ్వు ఆయనతో మాట్లాడితే నీ కథకు చాలా దొరుకుతుంది. నంబరు నా దగ్గరుంది, కానీ ఊరికే నీకివ్వను. ముందు నేను చేసి, అడిగి చెబుతాను. ఆదివారం పొద్దున్న చేస్తా, సోమవారానికల్లా నేను నీకు చెప్పకపోతే గుర్తుచెయ్యి.

మీ మామయ్య