మీరు వెతుకుతున్నది ‘స్టాండ్ అండ్ డెలివర్’

నమస్తే అండీ. చేతివేళ్లతో తొమ్మిదో ఎక్కం చెప్పే లెక్కల మాస్టారి సినిమా, చివర్లో పిల్లలు కాపీ కొట్టారని అనుమానిస్తారు, పేరు గుర్తు రావట్లేదు, నా తొమ్మిదో తరగతికి చూపించాలి అన్నారు కదా. అది 1988లో వచ్చిన ‘స్టాండ్ అండ్ డెలివర్’. మాస్టారు హైమే ఎస్కలాంటే నిజం మనిషే. బొలీవియా నుంచి వచ్చి తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని గార్‌ఫీల్డ్ హైస్కూల్లో పాఠాలు చెప్పారు.

ఆ వేళ్ల కిటుకు ముందే మీ పిల్లలతో చేయించండి. పది వేళ్లూ చాపి ఎడమ నుంచి నాలుగోది మడిస్తే ఇటు 3, అటు 6 మిగులుతాయి. తొమ్మిది నాలుగులు 36! క్లాసంతా వేళ్లు మడుస్తూ కూర్చుంటుంది.

ఒక్క సంగతి మాత్రం తప్పకుండా చెప్పండి. ఎస్కలాంటే ఆ బడిలో చేరింది 1974లో, పిల్లల కాల్కులస్ ఫలితాలపై గొడవ జరిగింది 1982లో. మధ్యలో ఉన్న ఏళ్ల చాకిరీని సినిమా బాగా కుదించేసింది. అది చెప్పకపోతే, మనకెందుకు ఇంత త్వరగా రావట్లేదని వెనకబడ్డ పిల్లలు దిగులు పడతారు. నిజంగా అప్పుడు 14 మందిని అనుమానించారు, 12 మంది మళ్లీ రాశారు, అందరూ పాసయ్యారు.

‘ఫ్రీడమ్ రైటర్స్’ అనే మరో టీచర్ సినిమా కూడా మంచిదే గానీ, అందులో తుపాకులు, ముఠా గొడవలు ఎక్కువ. ఇంటర్ పిల్లలకైతే పర్వాలేదు.

అనుమానం వచ్చిన చోట సినిమా ఆపి, “మీరైతే మళ్లీ రాస్తారా?” అని అడగండి. మా ట్యూషన్ పిల్లలు దాని మీద అరగంట వాదించుకున్నారు.