నాణెం దాచడంలో ఇబ్బంది, తుపాకీ గుండు అంశం: నా సమాధానం

ఇంద్రజాల ప్రదర్శనలో అరచేతిలో నాణెం దాచినప్పుడు చెయ్యి బిగుసుకుపోయి ప్రేక్షకులకు అనుమానం వస్తోందని రాశారు. ముగింపుగా, పేల్చిన తుపాకీ గుండును పళ్లతో పట్టుకున్నట్టు చూపే అంశం చేర్చవచ్చా అనీ అడిగారు.

మొదటిదానికి కారణం చాలావరకు బొటనవేలే. నాణేన్ని బొటనవేలి మొదట్లోని కండకూ, చిటికెనవేలి వైపున్న అరచేతి కండకూ మధ్య అంచుల ఆధారంగా నిలపాలి. ఒత్తిడి ఎక్కువైతే బొటనవేలు పక్కకు పొడుచుకువచ్చి, ఆ చెయ్యి ఖాళీగా లేదని తానే చాటుతుంది. అంచున గాట్లున్న నాణెం నున్నటిదాని కంటే తేలికగా నిలుస్తుంది. దాన్ని అరచేతిలో ఉంచుకొనే పుస్తకం పేజీలు తిప్పడం, తలుపు తీయడం వంటి పనులు చేస్తూ కొన్ని వారాలు గడపండి. అద్దం ముందు సాధన మంచిదే గాని, దానివల్ల చూపు దాచిన చేతి మీదే నిలిచే చెడ్డ అలవాటు కూడా అబ్బుతుంది (నాకు అబ్బింది). నాణెం ఉందని భ్రమింపజేస్తున్న చేతినే మీరూ చూడాలి.

రెండవది వద్దు. చుంగ్ లింగ్ సూ పేరుతో ప్రదర్శించిన ఇంద్రజాలికుడు విలియం రాబిన్సన్ 1918 మార్చి 23న లండన్‌లో ఇదే అంశంలో గుండు తగిలి, మరునాడు మరణించాడు. గుండు ఉన్న గొట్టం పేలకుండా, దాని కింది గొట్టంలోని మందు మాత్రమే పేలేలా అతని తుపాకీని మార్చి ఉంచారు. ఏళ్ల వాడకంతో లోపలి భాగం అరిగి, నిప్పు పై గొట్టానికి పాకింది. ముగింపుకు, ప్రేక్షకుడు గుర్తు పెట్టిన నాణెం మూసిన పెట్టెలో తేలే అంశం చూడండి. మీరు సాధన చేస్తున్న హస్తలాఘవమే అందుకూ పనికివస్తుంది.