బయట ఒక మాట, ఇంట్లో ఒక మాట

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, యూటా రాష్ట్రంలో ఉంటున్నాడు. పక్కింటివాళ్లు మోర్మన్లు, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవాళ్లు, చాలా మంచివాళ్లు. వాళ్ల ముత్తాతకు ముగ్గురు భార్యలట, ఆ ఇంటావిడే చెప్పింది. ఈ ఆచారం పెట్టింది మతస్థాపకుడా, తర్వాత వచ్చినవాళ్లా? ఆయన అసలు ఒప్పుకోనేలేదని కొందరంటారు, నిజమేనా? ఆ ఆడవాళ్లు ఎలా ఒప్పుకున్నారు? ఇప్పటికీ ఉందా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పెట్టింది స్థాపకుడేనండి, జోసెఫ్ స్మిత్. బయట ఒప్పుకోలేదన్నదీ నిజమే. మొత్తం గొడవకు మూలం ఆ రెండోదే.

1830లో చర్చి పెట్టినప్పుడు ఈ ఊసే లేదు. పైగా 1835లో అచ్చయిన వాళ్ల ధర్మగ్రంథంలో మగవాడికి ఒకే భార్య అని స్పష్టంగా ఉంది, ఆ మాట 1876 దాకా అందులోంచి తీసెయ్యలేదు. కానీ ఇలినాయ్‌లో, మిసిసిపీ నది ఒడ్డున వాళ్లు కట్టుకున్న నావూ పట్టణంలో 1841 ఏప్రిల్‌లో జోసెఫ్ లూయిసా బీమన్‌ను రహస్యంగా పెళ్లాడాడు. అంతకుముందు ఒహాయోలో ఉన్నప్పుడే ఇంట్లో పనిచేసే ఫానీ ఆల్జర్ విషయంలో దగ్గరి అనుచరుడు ఆలివర్ కౌడరీతో పెద్ద గొడవైంది. 1844లో చనిపోయేలోపు ఆయన చేసుకున్నవాళ్లు 30 నుంచి 40 మంది దాకా ఉండొచ్చని ఇప్పుడు చర్చే అంగీకరిస్తోంది, అదీ 2014లో గానీ అంత వివరంగా చెప్పలేదు. వాళ్లలో పదిమందికి పైగా అప్పటికే వేరొకరి భార్యలు. అవి పరలోకం కోసం చేసిన ముడులేనని చర్చివైపు చరిత్రకారులు చాలామంది అంటారు, మిగతావాళ్లు ఒప్పుకోరు, ఆ వాదన ఇంకా తెగలేదు.

నాకైతే ఎంతమంది అన్నదానికంటే మొదటి భార్య ఎమ్మాకు జరిగిందే ఎక్కువ బాధ కలిగిస్తుంది. తండ్రి చనిపోతే ఎమిలీ, ఎలైజా పార్ట్రిడ్జ్ అనే అక్కచెల్లెళ్లు వాళ్లింట్లో పనిపాటలు చేస్తూ ఉండేవాళ్లు. 1843 మార్చిలో జోసెఫ్ ఇద్దరినీ ఎమ్మాకు తెలియకుండా పెళ్లాడాడు. రెండు నెలలకు ఎమ్మా మెత్తబడి, తను ఎంచినవాళ్లనైతే సరేనంది, తీరా ఎంచింది వీళ్లిద్దర్నే! ఎప్పుడో అయిపోయిందని ఆవిడతో చెప్పే ధైర్యం ఎవరికీ లేక, మేలో ఆవిడ ముందు అదే తంతు మళ్లీ జరిపించారు. తర్వాత ఎమ్మా మనసు మారి, వాళ్లు ఆ ఇల్లు వదలాల్సి వచ్చింది. ఇదంతా ఎమిలీ స్వయంగా రాసిపెట్టింది, 1892లో కోర్టులో సాక్ష్యమూ చెప్పింది. ఆ పెళ్లిళ్లు జరిగిన 1843 జులైలోనే జోసెఫ్ ఇది దైవాజ్ఞ అని రాయించాడు. అందులో ఎమ్మా పేరు పెట్టి మరీ, ఒప్పుకోకపోతే నాశనమవుతావని ఉంది.

మీరడిగారు, ఎలా ఒప్పుకున్నారని. హెలెన్ కింబల్ సంగతి చూడండి. 1843 మేలో ఆ పిల్లకు 14 ఏళ్లు, జోసెఫ్‌కు 37. ప్రస్తావన తెచ్చింది కన్నతండ్రే. నువ్వు ఒప్పుకుంటే మీ కుటుంబం మొత్తానికి మోక్షం ఖాయం అని జోసెఫ్ అన్నాడు. 14 ఏళ్ల పిల్ల నెత్తిన అంత భారం పెట్టి, అడిగితే ఒప్పుకుంది అంటే ఎలా? తర్వాత పిల్లల కోసం రాసిన కాగితాల్లో ఆమె తన వయసు వాళ్లు ఆడిపాడుతుంటే తను కాళ్లకు బంధం వేసిన పక్షిలా ఉండిపోయానని రాసుకుంది. అదే హెలెన్ పెద్దయ్యాక బహుభార్యత్వాన్ని సమర్థిస్తూ పుస్తకాలు అచ్చేసింది. రెండూ ఆమె మాటలే, ఒకటి పట్టుకుని రెండోది వదిలేస్తే ఆమెకు అన్యాయం చేసినట్టే.

ఇంత జరుగుతున్నా 1844 మేలో జోసెఫ్ జనం ముందు, ఏడుగురు పెళ్లాలంటారేంటి, నాకు కనిపించేది ఒక్కతే అన్నాడు. విలియం లా అనే మాజీ సహచరుడు జూన్ 7న పత్రిక పెట్టి గుట్టు బయటపెట్టాడు, మేయర్‌గా ఉన్న జోసెఫ్ మూడు రోజులకే ఆ ప్రెస్సును పగలగొట్టించాడు. ఆ గొడవ ముదిరి జైలుకెళ్తే, జూన్ 27న అల్లరిమూక వచ్చి ఆయన్నీ, అన్న హైరమ్‌నూ కాల్చి చంపింది. ఎమ్మా 1879లో పోయేదాకా నా భర్తకు వేరే భార్యల్లేరనే కొడుకులతో చెప్పింది, ఒప్పుకోలేదని మీరు విన్నదానికి ఆవిడ మాట కూడా పెద్ద ఆధారం. పెద్దకొడుకు నడిపిన వేరే శాఖ కూడా చాలాకాలం ఆ మాటమీదే నిలబడింది.

జోసెఫ్ తర్వాత నాయకుడైన బ్రిగమ్ యంగ్ వెంట యూటా వెళ్లినవాళ్లు 1852లో దీన్ని బహిరంగంగా ప్రకటించారు. మీ పక్కింటావిడ ముత్తాత అప్పటివాడై ఉంటాడు. దీనికి వ్యతిరేకంగా చట్టాలొచ్చాయి, మతస్వేచ్ఛ అని సుప్రీంకోర్టుకు వెళ్తే 1879లో ఓడిపోయారు. మన పాఠకులు గమనించాల్సిన విషయం, ఆ తీర్పులో జడ్జి ఇచ్చిన ఒక ఉదాహరణ భర్త చితిమీద భార్య కాలిపోవడం. మతం పేరు చెబితే ఆపకూడదా అని. 1870లో యూటా ఆడవాళ్లకు ఓటు వస్తే వాళ్లే ఈ ఆచారాన్ని దించేస్తారని బయటివాళ్లు ఆశపడ్డారు, అలా జరగలేదు, 1887లో కేంద్రం ఆ ఓటే లాగేసుకుంది. ఆస్తుల జప్తు దాకా వచ్చాక 1890లో చర్చి ఆపేస్తున్నామంది. గుట్టుగా ఇంకొన్నాళ్లు సాగి, 1904లో రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు చేసుకుంటే చర్చి నుంచి వెలివేస్తారు. టీవీలో కనిపించే వాళ్లు విడిపోయిన చిన్న శాఖలవాళ్లు. మైనర్ బాలికలపై అత్యాచారం కేసులో 2011లో జీవితఖైదు పడిన వారెన్ జెఫ్స్ కూడా అలాంటి శాఖ నాయకుడే, మీ పొరుగువాళ్లకు అతనితో సంబంధం లేదు. ఒక్క సంగతి మాత్రం మిగిలే ఉంది. భార్య పోయిన మగవాడు గుడిలో రెండో ఆమెతో కూడా పరలోకం దాకా నిలిచే పెళ్లి చేసుకోవచ్చు, భర్త పోయిన ఆడది బతికుండగా అలా చేసుకోవడానికి మామూలుగా వీల్లేదు. మరి అక్కడ నాకు సవతి ఉంటుందా అని ఆ చర్చి ఆడవాళ్లు ఇవాళ్టికీ అడుగుతూనే ఉన్నారు.