ఫ్రాంక్లిన్ చుక్కల పట్టిక

ప్రశ్న: ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లో మిత్రులం అమెరికా నేత బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 సద్గుణాల పట్టిక మొదలెట్టి పది రోజులకే చేతులెత్తేశాం. తప్పెక్కడ?
– ఓ విద్యార్థి, తిరుపతి

జవాబు: పదమూడింటినీ ఒకేసారి పట్టుకోవడంలోనే. ఆయన మొదటి వారం తిండీ తాగుడూ మితంగా ఉంచుకోవడం మీదే గురిపెట్టాడు. మిగతావాటిలో తప్పులకు రాత్రిపూట చుక్క పెట్టడమే. రెండోవారం మితభాషణ కూడా కలిపాడు. పట్టికలో రోజుకొకటి చొప్పున 7 నిలువు గళ్లు, గుణానికొకటి చొప్పున 13 అడ్డ వరుసలు; 13 వారాలకొక చుట్టు, ఏడాదికి నాలుగు. చెరిపి చెరిపి కాగితం చిల్లులు పడితే దంతపు రేకులకు మారాడు. మీకు పిల్లల పలక చాలు, తడిబట్టతో తుడవొచ్చు. ఆ గుణాల్లో క్రమపద్ధతి మాత్రం ఆయనకే లొంగలేదు! పదమూడోది వినయం, గర్విష్ఠివని మిత్రుడు అన్నాక చేర్చింది. అప్పట్నుంచి ‘నిస్సందేహంగా’ మానేసి ‘నాకలా అనిపిస్తోంది’ అనేవాడు. సభల్లో తన మాట చెల్లడానికి ఆ అలవాటూ కారణమేనన్నాడు.