మూడో పేజీలోని గడియారం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. తాత పాత్ర బాగా కుదిరింది. కానీ మూడో పేజీలో ఆయన చేసిన గడియారం 'అత్యంత కచ్చితంగా' నడిచిందని రాసి ముందుకు వెళ్లిపోయావు. ఎవరు చూశారు? రేడియో కూడా లేని ఆ ఊళ్లో దేనితో సరిచూశారు?

జాన్ హారిసన్‌కు వచ్చిన చిక్కు సరిగ్గా ఇదే. వృత్తికి వడ్రంగి. 1720లలో ఇంగ్లండులోని బారో అనే పల్లెలో తమ్ముడు జేమ్స్‌తో కలిసి కొయ్యచక్రాల గడియారాలు చేశాడు. నెలకు ఒక సెకనుకు మించి తేడా రాదన్నాడు. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి అంతకన్నా మంచి గడియారం ఉండాలి కదా! లేదు. అందుకని రాత్రిపూట తన కిటికీ చట్రం అంచునూ పొరుగింటి పొగగొట్టం అంచునూ ఒక వరుసలో పెట్టుకుని, ఒక నక్షత్రం దాని వెనక మాయమయ్యే క్షణం కోసం కాచుకునేవాడు. రెండు అంచులు ఎందుకంటే, తల కాస్త పక్కకు జరిగినా లెక్క తప్పుతుంది. ఆ నక్షత్రం మర్నాడు 3 నిమిషాల 56 సెకన్లు ముందే మాయమవుతుంది. గడియారం కూడా అంతే తేడా చూపితే సరిగ్గా నడుస్తున్నట్టు.

మన గడియ సంగతీ చూడు. చిల్లి ఉన్న రాగిగిన్నె నీళ్లలో మునగడానికి పట్టే 24 నిమిషాలు. పది పలాల (పలం పాత తూనిక) రాగి, బంగారు సూది పట్టేంత చిల్లి అంటూ పాతవాళ్లు కొలతలు చెప్పారు. 1150 నాటి సిద్ధాంత శిరోమణి అనే ఖగోళ గ్రంథంలో భాస్కరాచార్యుడు వాటిని పక్కన పెట్టేశాడు. గిన్నె ఎలా ఉన్నా సరే, ఒక పగలూ రాత్రీ కలిపి ఎన్నిసార్లు మునిగిందో లెక్కపెట్టి, 60 గడియలను ఆ సంఖ్యతో భాగించమన్నాడు. 48 మునకలైతే ఒక్కోటి ఒకటింబావు గడియ. ఆ విసురు నాకెంతో ఇష్టం. (ఆయన కూతురు లీలావతి ముత్యం గిన్నె చిల్లికి అడ్డుపడి పెళ్లి ముహూర్తం తప్పిందనే కథ జోలికి మాత్రం వెళ్లకు, అందరూ రాసిందే.)

మూడో పేజీ తిరగరాయి. తాతను కిటికీ దగ్గర నిలబెట్టు, ఎదురింటి పిట్టగోడ చాలు. మొదటి రాత్రి చుక్క కనిపించాక రెండు రాత్రులు మబ్బు పట్టనివ్వు. నాలుగో రాత్రి ఆయన మూడు రోజుల తేడా 11 నిమిషాల 48 సెకన్లు లెక్కకట్టుకుని, దీపం తగ్గించి, కాచుకుని కూర్చోవాలి. అక్కడిదాకా రాసి పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు