ఇసుకలో గీత

కావలి,
ఆదివారం

పాపా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు బెంగళూరులో పీహెచ్‌డీ సీటు వచ్చిందట, వెన్నుపాముకు దెబ్బ తగిలాక కణాలు ఎలా చచ్చిపోతాయో ఎలుకల్లో చూస్తావట. ముప్పై ఏళ్లు జువాలజీ పాఠాలు చెప్పినదాన్ని, మనింటి పిల్ల ఆ పనికి పోతోందంటే గర్వంగా ఉండదా! కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టా.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తా. ఏ రోజు చేసిన పని ఆ రోజే నోట్‌బుక్కులో రాయి. స్లైడ్ల మీద పెన్సిల్‌తో రాయి, ఇంకు ఆల్కహాల్‌లో పోతుంది. కణాలు లెక్కపెట్టేటప్పుడు ఏ స్లైడు ఏ ఎలుకదో నీకు తెలియకుండా ఇంకొకరితో నంబర్లు వేయించుకో. టైముకు తిను.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి.

1989 వేసవి. సింగరాయకొండ దగ్గర మీ అమ్మమ్మ వాళ్ల చేలో ముంజలు కోయడానికి ఒకాయన తాటిచెట్టు ఎక్కాడు. మేం బాబాయ్ అని పిలిచేవాళ్లం. మోకు జారి, వీపు మీద పడ్డాడు. స్పృహ పోలేదు. "నడుం కింద మొద్దుబారిందమ్మా" అన్నాడు. నేను పాదాల దగ్గర కూర్చుని, బొటనవేలు కదిలించు బాబాయ్ అన్నా. కదిలింది. కొంచెమే. మడమ ఆనిన చోట ఇసుకలో వేలెడంత గీత పడింది. ఆ గీత ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

"కదులుతోంది, ఏం కాలేదు, లేపండి" అన్నది నేనే. అక్కడున్న వాళ్లలో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. నా మాట మీద ఇద్దరు చంకల కింద, ఇద్దరు మోకాళ్ల కింద చేతులేసి బస్తాను ఎత్తినట్టు ఎత్తారు. నడుం మధ్యలో వంగిపోయింది. ట్రాక్టర్ ట్రక్కులో పడుకోబెట్టి, గుంతల దారిలో తీసుకుపోయాం. ఒంగోలు చేరేసరికి సాయంత్రమైంది. డాక్టరు వేలు కదపమన్నాడు. కదల్లేదు. మళ్లీ ఎప్పుడూ కదల్లేదు.

తల, నడుం, కాళ్లు ఒకే దుంగలాగా కదిలేట్టు పట్టుకుని, ఒక తలుపు చెక్క మీదికి చేర్చి, కదలకుండా కట్టి తీసుకెళ్లాల్సింది. తలుపు చెక్క అక్కడ మోటారు కొట్టానికే ఉంది. పాఠాల్లో వెన్నుపాము బొమ్మ గీసి చెప్పేదాన్ని, కళ్లెదుట మనిషి పడితే ఆ బొమ్మ నాకు గుర్తుకే రాలేదు.

చాలా ఏళ్లు ఆ వేలిని ఆపింది నేనేననుకున్నా. తర్వాత చదివేకొద్దీ ఇంకో సంగతి కూడా తెలిసింది. పడినప్పుడు నలిగి చచ్చే కణాలు కొన్నే. ఆ తర్వాత సన్న రక్తనాళాలు చిట్లి, లోపలి బూడిదరంగు భాగానికి నెత్తురు అందదు. పగిలిన కణాల్లోంచి గ్లుటమేట్, అంటే నాడీకణాలు కబురు పంపుకునే రసాయనం, ఒలికి పక్క నాడీకణాల మీద పడుతుంది. వాటిలోకి కాల్షియం వరదలా దూరుతుంది, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలు చేతులెత్తేస్తాయి. వాపు వస్తే పోవడానికి చోటుండదు, చుట్టూ ఎముక గొట్టం కదా. 1911లోనే అలెన్ అనే ఆయన కుక్కల్లో వెన్నుపాము మీద బరువు జారవిడిచి, లోపల పేరుకున్న నెత్తురు ముద్దను తీసేస్తే అవి మెరుగ్గా కోలుకున్నాయని చూపించాడు. దెబ్బ తర్వాత లోపల జరిగేది కూడా చంపుతుందని ఆనాడే తెలిసింది.

1997లో వచ్చిన పేపరు నేను నాలుగుసార్లు చదివా. ఎలుకల్లో దెబ్బ తగిలిన 6 గంటల నుంచి 3 వారాల దాకా కణాలు అపాప్టోసిస్‌తో, అంటే తమను తామే చంపుకుని, చస్తూనే ఉన్నాయి. గాయానికి దూరంగా, చెడిపోతున్న నాడీ తంతువుల దారి పొడవునా, ఆ తంతువులకు మయెలిన్ అనే తొడుగు వేసే ఆలిగోడెండ్రోసైట్ కణాలు పోతున్నాయి. కోతుల్లోనూ అంతే. అవి పోతే మయెలిన్ తొడుగు పోతుంది, తెగకుండా మిగిలిన తంతువు కూడా కబురు మోయలేదు. బాబాయ్ మంచాన పడి ఉన్న ఆ మూడు వారాలూ లోపల ఇదే జరిగి ఉంటుందని తలుచుకుంటే గుండె పిండేసినట్టుంటుంది.

అందుకే చెబుతున్నా, గాయమైన చోటు ఒక్కటే కోసి ఊరుకోవద్దు. పైనా కిందా దూరంగా ఉన్న ముక్కలు కూడా దాచు. దెబ్బ తగిలి ఒక్కరోజైన ఎలుకలతో సరిపెట్టుకోకు, మూడు వారాలైనవి కూడా ఉండి తీరాలి. ఎవరు తొందరపెట్టినా వినొద్దు. తెగిన డీఎన్‌ఏను పట్టిచ్చే టనెల్ రంగు పట్టిందని వెంటనే అపాప్టోసిస్ అని రాసేయకు, నెక్రోసిస్‌తో, అంటే దెబ్బకు పాడై, చచ్చిన కణం కూడా ఆ రంగు పడుతుంది. అపాప్టోసిస్‌ను నడిపే ఎంజైము కాస్పేజ్-3 కూడా చూడు. కణం ఆకారాన్ని నీ కళ్లతో చూడు, నెక్రోసిస్‌లో ఉబ్బి పగిలిపోతుంది, అపాప్టోసిస్‌లో ముడుచుకుని ముక్కలవుతుంది. ఎండుటాకు రాలినట్టు ఉంటుందనే 1972లో దానికి అపాప్టోసిస్ అని గ్రీకు పేరు పెట్టారు.

ఎలుకల సంగతి. దెబ్బ తగిలాక వాటికి ఒంటేలు దానంతటది రాదు. పొత్తికడుపు మీద రెండు వేళ్లు పెట్టి, మెల్లగా నొక్కి, రోజుకు రెండు మూడుసార్లు ఖాళీ చేయాలి. పండగని, ఆదివారమని మానావంటే నేనూరుకోను. నీ చేతులు మెత్తనివి, నీకు వచ్చేస్తుంది. చిన్నప్పుడు కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకో. ఏడుపొస్తే ఏడువు తల్లీ, తర్వాత చేతులు కడుక్కుని పని చేసుకో. ఏడుపు రావడం మానేసిన రోజు మాత్రం నాకు ఫోన్ చెయ్.

బాబాయ్ పదకొండేళ్లు బతికాడు. పిన్నమ్మ రాత్రిళ్లు రెండు గంటలకోసారి లేచి పక్కకు తిప్పేది. అయినా ఒకసారి పిరుదు మీద పుండు పడి, ఎముక కనపడింది. ఆ పుండు కడిగిన నీళ్ల వాసన నాకు తెలుసు.

బెంగళూరు వెళ్లే ముందు ఒక రోజు కావలిలో దిగు. ఇద్దరం కలిసి పిన్నమ్మ దగ్గరికి వెళ్దాం. నువ్వు ఏం చదవబోతున్నావో ఆమెకు అర్థమయ్యేట్టు తెలుగులో చెప్పు, ఆమె వింటుంది. ఆ రోజు చేలో ఆయన వేలు కదిలిందని, లేపమన్నది నేనేనని ఆమెకు ఇప్పటిదాకా చెప్పలేదు. నువ్వు పక్కన ఉంటే చెప్తాను.

పెద్దమ్మ