కారు ఎడమకి లాగుతుంటే ముందు టైరు చూడండి

ముందు ఎడమ చక్రం ఫుట్‌పాత్ అంచుకు గుద్దుకున్నాక స్టీరింగ్ వంకరగా నిలుస్తోందా, బండి ఎడమకి లాగుతోందా అండీ? నేరుగా అలైన్‌మెంట్‌కి (చక్రాల కోణాలు సరిచేయించడానికి) వెళ్లకండి. ముందు ఆ టైరు పక్క భాగాన్ని చేత్తో తడిమి చూడండి, లోపలివైపు కూడా. నిమ్మకాయంత ఉబ్బు తగిలినా లోపలి దారాలు తెగినట్టే. ఆ టైరుతో హైవే ఎక్కొద్దు, మార్చేయండి. గాలి తగ్గినా బండి లాగుతుంది, అదీ చూసుకోండి.

తర్వాత బండిని లిఫ్ట్ ఎక్కించి టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ), లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందనుంచి బండికి పట్టి ఉంచే భాగం) వంగాయేమో కుడివైపు వాటితో పోల్చి చూడమనండి. నాకూ ఇలాగే జరిగితే, ఆర్మ్ వంగిన సంగతి చూడకుండానే అలైన్‌మెంట్ చేసి పంపారు. కొన్ని నెలల్లోనే కొత్త టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయింది. అలైన్‌మెంట్ రీడింగుల ప్రింట్ తప్పకుండా అడగండి. క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో ఒరిగిన కోణం) రెండువైపులా బాగా తేడాగా ఉంటే ఏదో వంగిందని అనుమానించాల్సిందే. స్పీడులో స్టీరింగ్ వణికితే రిమ్ము కూడా చూపించండి.